తుడిచి ఇచ్చిన అద్దాలు

రంగయ్య చేతికి ఏ వస్తువు ఇచ్చినా తుడవకుండా తిరిగి ఇవ్వడు. తాళం బాగుచేయమని ఇస్తే తాళంతో పాటు చెవులు కూడా తుడిచి ఇస్తాడు. మా దుకాణంలో టీ తాగితే గ్లాసు తుడిచి బల్ల మీద బోర్లిస్తాడు. మా ఆవిడ ఉమామహేశ్వరి అది చూసి నన్ను ఎన్నిసార్లు దెప్పిందో చెప్పలేను. ఇరవై ఏడేళ్ళు పలకల ఫ్యాక్టరీలో చేసిన పని, చేతికి అంటుకుపోయింది. ఒకప్పుడు నాకు అది ముచ్చటగా ఉండేది. ఇప్పుడు ఎవరైనా గుడ్డ పట్టుకుని ఏదైనా తుడుస్తుంటే అక్కడ నిలబడలేను.

నా పేరు వీరాంజనేయులు. మార్కాపురం బజారులో పెయింట్లు, హార్డ్‌వేరు అమ్ముతాను. ఇందులో నా వంతు ఎంతో ముందే చెప్పేస్తాను, తర్వాత దాచానని అనుకోవద్దు. షీటు నా కొట్టులోదే, రంగుల్లో కలిపే తిన్నరూ నా కొట్టులోదే. ఒకే మనిషికి, ఒకే బల్ల మీదుగా, రెండూ నేనే ఇచ్చాను.

రంగయ్యది అర్ధవీడు దగ్గర పల్లె. మూడెకరాల మెట్ట, మూడు బోర్లు వేస్తే మూడింటిలోనూ దుమ్మే వచ్చింది. ఇరవై రెండేళ్ళప్పుడు భార్య ఆదిలక్ష్మమ్మను వెంటబెట్టుకుని మార్కాపురం వచ్చి పలకల ఫ్యాక్టరీలో చేరాడు. గని నుంచి వచ్చిన నల్లరాయిని పొరలు విడదీయడం, కోయడం, అంచులు గీరడం, గీతలు అచ్చువేయడం, చట్రం బిగించడం, అన్నీ చేశాడు. చివరికి ఆయన్ని సరుకు చూసి పంపే చోట కూర్చోబెట్టారు. పలకను ఎడమచేతి వేళ్ళ మీద నిలబెట్టి కుడిచేతి మెటికతో ఒక్కసారి కొట్టేవాడు. ఖంగున మోగితే మంచిది. మొద్దుగా మోగితే లోపల ఎక్కడో పగులుంది, కంటికి కనబడకపోయినా సరే పక్కన పడేసేవాడు. ఆయన పడేసిన పలకను మళ్ళీ ఎవరూ చూసేవారు కాదు. మంచి పలకకు అచ్చురంగు మరకలు ఉంటే తిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడిచి కట్టలో పెట్టేవాడు. తుడవని సరుకు చేయి దాటకూడదని ఆయనకు పని నేర్పిన శాంతయ్య మేస్త్రి చెప్పాడట. ఆ మాట రంగయ్యకు వేదం.

పిల్లలు రాతిపలక మీద రాయడం మానేశారు. తొమ్మిదేళ్ళ కిందట ఫ్యాక్టరీ మూతపడింది. ఆయనకు మిగిలింది ఊపిరితిత్తుల్లో పేరుకున్న రాతిదుమ్ము. నాలుగు మెట్లు ఎక్కితే అయిదో మెట్టు మీద కూర్చోవాల్సిందే. కూలికి పోలేడు, మూట ఎత్తలేడు. ఇక్కడో నెల, అక్కడో నెల కాపలా పని చేస్తూ గడిపాడు. మనిషి మాత్రం ఎవరి ముందూ నోరు తెరిచి ఏడ్చినవాడు కాదు.

ఆ ఇంట్లో అందరి ఆశా ఒక్కరి మీదే, కూతురు మాధవి. లేకలేక పుట్టిన పిల్ల. డిగ్రీ అయ్యాక కానిస్టేబుల్ ఉద్యోగానికి పట్టుపట్టింది. తెల్లారకముందే కాలేజీ గ్రౌండులో పరిగెత్తేది. నాయన పీల్చలేని గాలి కూడా ఈ పిల్లే పీలుస్తుంది అని పక్కింటి రోశమ్మ నవ్వేది. పరుగు గెలిచింది, పరీక్ష గెలిచింది, జాబితాలో పేరు వచ్చింది. ఇక మిగిలింది డాక్టరు పరీక్ష ఒక్కటే. ఎత్తు, బరువు, గుండె, కళ్ళు. కళ్ళజోడు ఎరగని పిల్ల, మా కొట్టు గడపలో నిలబడి ఎదురు వీధి మందుల షాపు బోర్డు కింద ఉన్న చిన్న అక్షరాలు చదివేది. ఆ పరీక్ష గురించి ఎవరికీ బెంగలేదు.

శ్రీకాంత్ మా అక్క కొడుకు. హైదరాబాదులో నాలుగేళ్ళు ఉండి ఒక ఆట నేర్చుకుని వచ్చాడు. దాన్ని ఎయిర్‌సాఫ్ట్ అంటారు. బొమ్మ తుపాకుల్లో కందిగింజంత ప్లాస్టిక్ గుండ్లు వేసుకుని రెండు జట్లుగా ఒకరినొకరు కాల్చుకోవడం. తగిలితే చురుక్కుమంటుంది, ఒప్పుకుని బయటికి రావాలి. వెర్రి వేయి విధాలు అన్నారు కదా, ఇది వెయ్యిన్నొకటోది అని నేను వాడి మొహాన్నే అన్నాను. వాడు వినలేదు. ఊరి బయట మూతపడ్డ పలకల ఫ్యాక్టరీ షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. రంగయ్య పనిచేసిన షెడ్డే. కిటికీలకు నల్ల పట్టాలు కొట్టించి లోపలంతా పట్టపగలే చీకటి చేశాడు. తుపాకీ మీద టార్చిలైటు బిగించుకుని ఆ వెలుతురులో వెతుక్కుంటూ ఆడాలి. గిద్దలూరు నుంచి, కంభం నుంచి, దర్శి నుంచి కూడా కుర్రాళ్ళు బైకుల మీద వచ్చి పడ్డారు. నా మాట పొల్లు అయింది, వాడి ఆట పండింది.

కాపలాకి రంగయ్యను పెట్టుకోమని నేనే చెప్పాను. శని, ఆదివారాల్లో మాధవి కూడా రెఫరీగా వెళ్ళేది. పసుపుపచ్చ కోటు వేసుకుని ఆడేవాళ్ళ మధ్య తిరుగుతూ, గుండు తగిలినా ఒప్పుకోని దొంగల్ని పట్టుకునేది. పోలీసు పని ఇప్పుడే మొదలుపెట్టింది అని అందరూ ఆటపట్టించేవాళ్ళు. లోపల అడుగుపెట్టే ప్రతి మనిషికీ కళ్ళను కాపాడే గాగుల్స్ ఉండాలి, లేకుంటే శ్రీకాంత్ గడప దాటనిచ్చేవాడు కాదు. ఆ విషయంలో వాడిని తప్పుపట్టలేను.

చిక్కంతా టార్చిలైట్లతో వచ్చింది. ఎదుటివాడి లైటు కనబడితే అందరూ దాని మీదికే కాలుస్తారు, లైటు అద్దం పగులుతుంది. ఒక్క ఆదివారం పదకొండు అద్దాలు పోయాయి. శ్రీకాంత్ తల పట్టుకుని కూర్చుంటే రంగయ్య ఒక లైటు తీసుకుని గుడ్డతో తుడిచి, అటూ ఇటూ తిప్పి చూసి, నేను చూస్తాలే అన్నాడట. మొదట టీ వడపోసే జాలి కత్తిరించి బిగించాడు. గుండు ఆగింది గాని గోడ మీద వలేసినట్టు నీడ పడింది. మందమైన గాజు పెట్టాడు, అదీ పగిలింది. ఫొటోల ఫ్రేములకు వాడే ప్లాస్టిక్ పెట్టాడు, మూడో దెబ్బకు ముక్కలయింది. అప్పుడు మా కొట్టుకు వచ్చి, వంగాలి గాని విరగకూడదు, అట్లాంటిది ఏమైనా ఉందా అని అడిగాడు.

షెడ్లకు పైకప్పుగా వేసే పాలీకార్బనేట్ షీటు ముక్క ఒకటి మూల పడి ఉంటే ఇచ్చాను. రంగయ్య దాన్ని వేళ్ళ మీద నిలబెట్టి మెటికతో కొట్టాడు. శబ్దమే రాలేదు. ఇంకోసారి కొట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని మరోసారి కొట్టాడు.

"ఇది మూగది శెట్టీ. లోపల ఏముందో చెప్పదు."

నమ్మకం లేకుండానే పట్టుకుపోయాడు. రాయి మీద పెట్టి సుత్తితో కొడితే సొట్టపడింది గాని విరగలేదు. మర్నాడు దాన్ని బిళ్ళలుగా కోసి, పలక అంచు గీరినట్టే అంచులు గీరి, చిన్న రేకు చట్రంలో మూడు మరలతో లైటు ముందు బిగించాడు. ఆ వారం ఒక్క అద్దం కూడా పోలేదు. రెండు నెలలు పోలేదు. గిద్దలూరు కుర్రాళ్ళు తమ సొంత లైట్లు తెచ్చి, తాతా మాకూ ఈ బిళ్ళ గార్డు వేసివ్వు అని వెంటపడ్డారు. తొమ్మిదేళ్ళ తర్వాత రంగయ్య ముందు మళ్ళీ ఒక పనిబల్ల, దాని మీద వరసగా పేర్చిన సరుకు. అదే షెడ్డు వసారాలో, తను ఒకప్పుడు పలకలు తట్టిన చోటనే. ఆయన నవ్వితే కింది పన్ను ఒకటి లేదని నాకు ఆ రెండు నెలల్లోనే తెలిసింది. అంతకు ముందు ఆ మనిషి నవ్వగా చూసిందెక్కడ.

తర్వాత శ్రీకాంత్ పోటీలు పెట్టాడు. ఒంగోలు నుంచి, నంద్యాల నుంచి జట్లు వస్తాయి. అన్ని లైట్లకూ కొత్త గార్డులు కావాలన్నాడు. గాగుల్స్ మీద పాత నంబర్ల స్టిక్కర్లు ఊడి, జిగురు చారలు కట్టి, చెమట మరకలతో అసహ్యంగా ఉన్నాయి, వాటినీ కాస్త శుభ్రం చెయ్యి అని రంగయ్యతో అన్నాడు. తుడవమని రంగయ్యకు చెప్పడమంటే కోతికి కొమ్మ చూపించడమే.

గురువారం ఆయన సీసా పట్టుకుని మా కొట్టుకు వచ్చాడు.

"ఒక లీటరు తిన్నర్ పోయి శెట్టీ."

దేనికని అడిగాను. గాగుల్స్‌కు జిగురు పట్టింది, నీళ్ళకు పోవడం లేదు అన్నాడు. నేను పోశాను.

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి. ఆరేళ్ళ కిందట కంభం వాళ్ళు ఒకరు నా దగ్గర పాలీకార్బనేట్ షీట్లు కొని, రంగు చుక్కలు పడ్డాయని పెయింటరు చేత తిన్నర్‌తో తుడిపించారు. నెల తిరక్కుండా షీట్లు మరల దగ్గర నెర్రెలిచ్చాయి. నా మీదికి గొడవకు వచ్చారు. కంపెనీ మనిషిని పిలిపిస్తే, తిన్నర్ తగిలితే ఈ సరుకు లోపల బలం చచ్చిపోతుంది, పైకి మామూలుగానే ఉంటుంది, బిగించిన చోట పగులుతుంది అని చెప్పాడు. గాగుల్స్ కూడా ఆ సరుకేనని నాకు తెలుసు. అన్నీ తెలుసు. ఆ గురువారం నా చెవిలో ఫోను ఉంది, పైపుల లోడు ఎక్కడో ఆగిపోయిందని డ్రైవరును తిడుతున్నాను. రంగయ్యకు మాత్రం మూత గట్టిగా పెట్టుకో, ఒలుకుతుంది అని జాగ్రత్త చెప్పాను. మూత గురించి చెప్పడానికి తీరిక దొరికిన నోటికి అసలు మాట చెప్పడానికి దొరకలేదు.

శుక్రవారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన కూర్చుని తుడిచాడు. గార్డులు తుడిచాడు, గాగుల్స్ తుడిచాడు. ఒకటో నంబరు గాగుల్స్ మాధవివి. వాటిని మూడుసార్లు తుడిచాడని తర్వాత ఆయనే చెప్పాడు. తళతళా మెరుస్తుంటే మేకులకు వరసగా తగిలించి, ఆదిలక్ష్మమ్మను పిలిచి చూపించాడట. మాధవి డాక్టరు పరీక్షకు అప్పటికి పంతొమ్మిది రోజులుంది.

శనివారం పది గంటలకు పోటీలు మొదలయ్యాయి. మేనమామను కదా, నన్నూ పిలిచారు. గేటు దగ్గర షామియానా కింద కుర్చీలో కూర్చున్నాను. మొదటి ఆట లోపల సాగుతోంది, పాటల హోరు, అరుపులు. వసారా చివర బల్ల దగ్గర రంగయ్య రెండో ఆటకు లైట్లు సిద్ధం చేస్తున్నాడు. ఒక గార్డు మర బిగిస్తుంటే చేతిలోనే పిటుక్కున చీలింది. ఇంకోటి తీశాడు. బిగించకముందే దానికీ మరల చిల్లుల చుట్టూ సన్నటి నెర్రెలు కనిపించాయట, వేసవిలో కంభం చెరువు అడుగున మన్ను పగిలినట్టు. రాత్రే బిగించి పెట్టిన లైట్లన్నీ వెలుతురుకు పట్టి చూశాడు. అన్నిటికీ అదే. పాతవి, తను తిన్నర్‌తో తుడవనివి నాలుగు మిగిలి ఉన్నాయి, అవి బాగున్నాయి. తేడా ఏమిటో ఆ మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. సరుకులో పగులును పట్టుకోవడమే ఆయన బతుకంతా చేసిన పని. గాగుల్స్ తుడిచింది కూడా అదే గుడ్డతో.

లేచి షెడ్డు తలుపు వైపు నడిచాడు. నడవడం కాదు, పరిగెత్తబోయాడు. నలభై అడుగులు ఉంటుందేమో. సగం దూరం వచ్చేసరికి ఊపిరి అందక నా కుర్చీ ముందు వంగిపోయాడు. నేను నవ్వాను. అవును, నవ్వాను.

"ఏంది అన్నా, నువ్వు గూడా ఆడతావా?" అన్నాను.

ఆయన చేయి ఊపాడు. నోరు తెరిస్తే దగ్గు తప్ప మాట రాలేదు. నేను రెక్క పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాను. లేవబోతే భుజం మీద చేయి వేసి ఆపాను. తొందరేముంది, ముందు నీళ్ళు తాగు అని సీసా నోటికి పెట్టాను. ఆయన నీళ్ళు నెట్టేసి నా చొక్కా పట్టుకున్నాడు.

"అద్దాలు... ఆపు... పాప..."

తిన్నర్ సీసా, ఫోను, మూత, అన్నీ అప్పుడు ఒక్కసారి నా కళ్ళముందు తిరిగాయి. పరిగెత్తాను. తలుపు నెట్టి, ఆపండి ఆపండి అని అరిచాను. పాటల హోరులో ఎవరికి వినబడుతుంది. శ్రీకాంత్ నన్ను చూసి పాట ఆపేసరికి లోపలి నుంచి వేరే కేక వినిపించింది. గుండు తగిలినా ఒప్పుకోని ఒక కుర్రాడిని మాధవి అడ్డగిస్తుంటే, గోడ చాటు నుంచి ఇంకెవడో వాడికని కాల్చాడు. గుండు ఆ పిల్ల గాగుల్స్‌కు తగిలింది. తగలాల్సిన వస్తువుకే తగిలింది, ఆపాల్సిన వస్తువే ముక్కలై కంట్లోకి పోయింది.

గుంటూరు తీసుకుపోయారు. డాక్టర్లు చేయగలిగినంత చేశారు. కుడికంటికి ఇప్పుడు లైటు వెలుగుతుందా ఆరిందా అన్నంత వరకే తెలుస్తుంది. పరీక్ష రోజు దాకా ఆసుపత్రిలోనే గడిచింది. ఆ రోజు ఆమె పరీక్ష ఊసు ఎత్తలేదు, ఎత్తే ధైర్యం మాకూ లేదు.

శ్రీకాంత్ ఆట మూసేశాడు. గాగుల్స్ అమ్మినవాడు నకిలీ సరుకు అంటగట్టాడని, వాడిని వదలనని తిరుగుతున్నాడు. ఊరంతా అదే మాట అంది. నేను తల ఊపాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోకుండా ఉండటం కూడా ఒక విద్యే, నేను ఆ నెలలో బాగా నేర్చుకున్నాను.

నెల తర్వాత రంగయ్య కొట్టుకు వచ్చాడు. మనిషి సగమయ్యాడు. టీ తెప్పించాను. తాగాడు.

"తిన్నర్‌తో తుడిస్తే ఆ సరుకు చెడతాదా శెట్టీ?"

లేదు అని చెప్పొచ్చు. ఆ ఒక్క అబద్ధంతో ఆ ముసలాయన రాత్రిళ్ళు కాస్త కన్ను మూసేవాడేమో. చెప్పలేకపోయాను.

"చెడతాది అన్నా."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

తిడతాడనుకున్నాను. తిట్టాలని ఎంతగా కోరుకున్నానో ఆ వెంకన్నకే తెలుసు. ఆయన మాత్రం, పాపకు చెప్పాల, నువ్వు గూడా రా అన్నాడు. గ్లాసు తుడవకుండా, అడుగున టీ ఉండగానే బల్ల మీద వదిలేసి లేచాడు. ముప్పై ఏళ్ళలో అదే మొదటిసారి.

మధ్యాహ్నం, వాళ్ళ ఇంట్లో. మాధవి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. ఆదిలక్ష్మమ్మ వంటింటి గడపలో ఉంది. రంగయ్య కూతురి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. కంపెనీ తప్పు కాదన్నాడు. జిగురు పోవాలని తిన్నర్‌తో తుడిచానన్నాడు. నీవి మూడుసార్లు తుడిచాను అని చెప్పేటప్పుడు దగ్గు వచ్చి ఆగిపోయాడు. నేను మధ్యలో కల్పించుకుని, నాకు తెలిసీ చెప్పలేదమ్మా, తప్పు నాది అన్నాను. ఆ పిల్ల నా వైపు తిరగలేదు. నాయన మాట ఒక్కటే విన్నట్టుంది.

"నాకు తెలుసు నాయనా" అంది.

రంగయ్య తలెత్తాడు.

"పొద్దున మేకు నుంచి తీసి పెట్టుకోంగానే తిన్నర్ వాసన వచ్చింది. చిన్నప్పుడు నువ్వు ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఎత్తుకుంటే వచ్చే వాసన. నువ్వు తుడిచినావు గదా, ఇంక నాకేం గాదనుకున్నా. పట్టీ ఇంకొంచెం బిగించుకోని లోపలికి పోయినా."

ఆ మాటలో కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. రంగయ్య ఏడవలేదు. కూతురి పాదం మీద వేసిన చేయి మెల్లగా వెనక్కి తీసుకుని, రెండు చేతులూ చంకల కింద దాచుకుని కూర్చున్నాడు. సాయంత్రం ఆదిలక్ష్మమ్మ అన్నం పెట్టుకొచ్చినా ఆ చేతులు బయటికి తీయలేదు.